పటంలో మీసం

పదిహేనేళ్లు దాటింది. ఇప్పటికీ పోస్ట్‌మన్ గుమ్మంలో నా పేరు పిలిస్తే ఎవరో నన్ను పోల్చుకుని రాశారనే అనుకుంటాను. నాటకాల మీద, సినిమాల మీద, బొమ్మల మీద నేను రాసే సమీక్షలు చదివి మీరు ఎవరికీ భయపడని కలం అంటారు. అబద్ధం. నా అంత పిరికిది ఈ జనగామలో ఇంకొకతె ఉండదు.

తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డ ఏడాది. జఫర్‌గఢ్ దగ్గరి మా ఊళ్లో ఊరికే కూర్చున్నాను. అప్పుడు కథల మల్లయ్య పటం కట్టాడు. పొడవాటి బట్ట మీద గీయించిన బొమ్మలను ఒక్కొక్కటే విప్పుతూ కథ పాడతాడతను. అల్లుడు కొమురయ్య పక్కన తాళం వేస్తాడు. ఆ ఏడు పటం కొత్తది. అందులో రాక్షసుడి మీసం కుడివైపు మెలితిరిగి, ఎడమవైపు కుంగి ఉంది. అచ్చం మా ఊరి దొర మీసమే. బొమ్మ విప్పగానే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక్కరూ పైకి అనలేదు. ఆ కళంతా అనకపోవడంలోనే ఉందని ఇప్పుడు తెలుసు. అప్పుడో? డిగ్రీ చదువుతున్నదాన్ని, నాకు అర్థమైంది లోకానికి చెప్పకపోతే ఎలా?

మారుపేరుతో ఒక పత్రికకు వ్యాసం పంపాను. ఊరి పేరు, మల్లయ్య పేరు, మీసం సంగతి, అన్నీ విప్పి రాశాను. అచ్చయింది. దొర చదివాడు. అతని మనుషులు పటాన్ని చావడి ముందు తగలబెట్టారు. పాతబడ్డ పటానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో వదలడం వాళ్ల ఆచారం. దీనికి ఆ మర్యాదా దక్కలేదు. తరాలుగా మా ఊళ్లో కథ చెప్పే హక్కు మల్లయ్య ఇంటిది. అదీ పోయింది.

వారం తర్వాత మల్లయ్య ఆ పత్రికను తువ్వాలలో చుట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, జర సదివి చెప్పు. గిది ఎవలు రాసిన్రు?"

కింద నా మారుపేరు.

"ఎవరో పట్నపోళ్లు, మల్లయ్యా."

"పట్నపోళ్లకు మా దొర మీసం ఎట్ల ఎరుక? ఇంటోడే చెప్పిండు. మా కొమురిగాడు మొన్ననే పట్నం పోయొచ్చిండు. కల్లు పడితే వాని నోరు ఆగదు."

కాదు అంటే చాలు. ఒక్క మాట.

"ఏమో, నాకేం ఎరుక" అన్నాను.

"సదువుకున్నదానివి, నువ్వే కాదనకపోతివి. ఇగ వాడే."

కొమురయ్యను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. కూతురు మొగుడి వెంట భూపాలపల్లి వైపు కూలికి పోయింది. తాళం వేసే మనిషి లేక మల్లయ్య మరే ఊళ్లోనూ పటం కట్టలేదు.

దేనికి భయపడ్డాను? ఆ ముసలాయన నన్ను చూసే చూపు మారుతుందనా? చాలాకాలం అలాగే అనుకుని నన్ను నేను జోకొట్టుకున్నాను. అదీ అందమైన అబద్ధమే. దొర మనుషులు మా ఇంటికి కూడా వస్తారని భయపడ్డాను, అంతే.

నిరుడు మహబూబాబాద్‌లో ఒక నాటకం చూశాను. ఒక వేషగాడు ఒక తీరుగా నడిస్తే జనం గొల్లున నవ్వారు. ఆ నడక ఏ పెద్దమనిషిదో నాకు తెలిసిపోయింది. ఇంటికొచ్చి దీపాల అమరిక గురించి మాత్రమే రాశాను. దాన్నే మీరు సంయమనం అని మెచ్చుకున్నారు.

ఇది కూడా పేరు లేకుండానే రాస్తున్నాను. నా ధైర్యం ఎంతవరకు వచ్చిందో చూశారుగా. మల్లయ్య ఉన్నాడో లేడో కనుక్కోలేదు. క్షమించమని అడిగే మొహం లేదు. రేపు ఎవరో పోల్చుకుంటారన్న భయమూ పోలేదు. అయినా ఇది కాగితం మీద పెడుతుంటే మొదటిసారి కాస్త ఊపిరి ఆడుతోంది. కొమురయ్య ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ వ్యాసం రాసింది నేను.