ప్రోటీనోళ్ళ సంబంధం

మా చెల్లెలు వేలూరులో ప్రోటీన్ల ఆకారాల మీద పరిశోధన చేస్తుంది. గుడియాత్తంలోని మేనత్త ఆమెకు ఇష్టం లేకపోయినా ఆదివారానికి పళ్ళికొండ అబ్బాయితో పెళ్ళిచూపులు పెట్టింది. అంతలో, కణంలో కబుర్లు మోసే రెండు దారులకూ ఒకే ప్రోటీన్ అతుకుతుందని ఆకారం చూసి చెల్లెలు కనిపెట్టింది. సంతోషం పట్టలేక అత్తకు ఫోన్ చేసి, "సంబంధం దొరికిందత్తా!" అంది.

"పిల్లోడు యాడుండాడమ్మా? ఎవురోళ్ళు?"

నేను ఫోన్ లాక్కున్నాను. "ప్రోటీనోళ్ళత్తా."

"మనోళ్ళేనా నాయనా?"

"మన ఒంట్లోనే ఉండారు."

"ఆకారం ఎట్లుండాది?"

"అక్కడక్కడా వంపులుండాయి. ఇరుపక్కలా ఒదిగిపోతాడు."

"వంపులుంటే ఏమప్పా, ఒదిగుంటే రొంబ మంచిది. పళ్ళికొండోళ్ళను రావద్దని చెప్పేస్తా."

ఆదివారం చెల్లెలు హాయిగా ల్యాబులో గడిపింది. అత్త మాత్రం రోజూ ప్రోటీను జాతకం అడుగుతోంది.