బోర్డు మీది అవ్వ

కట్టంగూర్ దాటాక హైవే పక్కనున్న ఒక హోటల్లో నేను కొన్నేళ్లు కెప్టెన్‌గా పనిచేశాను. కెప్టెన్ అంటే పెద్ద కొలువేమీ కాదు. బల్లల దగ్గర ఆర్డర్లు తీసుకోవాలి, కూర ఆలస్యమైతే అందరికంటే ముందు తిట్లు తినాలి. చేరిన కొత్తలో నా మాటకే తిట్లు పడ్డాయి. మాది కల్వకుర్తి వైపు. ఎవరినో "ఏం గావాలె సార్" అని అడిగినందుకు మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, మర్యాదగల తెలుగు నేర్చుకొమ్మన్నాడు. కడుపు కోసం నేర్చుకున్నాను. నోరు అరువు తెచ్చుకున్నట్టుండేది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు గాలి మారింది. మా ఓనరు హైదరాబాద్ నుంచి ఒక మేడమ్‌ను పిలిపించాడు. హోటళ్లకు కథలు రాసిపెట్టడం ఆమె పని. ఇక మీదట గోడల మీద రూల్సు ఉండవని, కథలే ఉంటాయని మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పింది. సెలవుల కాగితం పీకేసి, ఆ చోట హోటలంతా ఒకే కుటుంబమని, పండుగనాడు ఇంట్లోవాళ్లు ఇల్లు విడిచిపోరని ఒక కథ అతికించారు. అంటే పండుగకు సెలవు లేదని. ఆ మాట సూటిగా చెబితే కనీసం ఎదురు మాట్లాడేవాళ్లం. కథతో ఎవడు వాదిస్తాడు?

వచ్చినవాళ్లను "రాండ్రి, మంచిగున్నరా" అని పలకరించాలని కూడా చెప్పింది. నేను మేనేజర్ ముఖం చూశాను. ఆయన చూపు తిప్పుకున్నాడు. మా అమ్మ నేర్పిన మాట నిన్నటిదాకా తప్పు, ఈరోజు యూనిఫామ్. ఒళ్లు మండిపోయింది.

అయినా నా కోపానికి అసలు కారణం ఖాలా.

ఖాలా మా దగ్గర జొన్నరొట్టెలు చేసేది. ముస్లిం ఇంటి మనిషి, అరవై దాటిన వయసు. పక్క ఊరినుంచి ఆటోలో వచ్చేది. వంటవాళ్ల నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె ఖాలాయే, అంటే పిన్ని. హోటల్ ముందు పొయ్యి పెట్టి, అందరూ చూస్తుండగా రెండు చేతులతో రొట్టె తట్టేది. కారు ఆపినవాళ్లలో సగం మంది ఆ చప్పుడుకే ఆగేవాళ్లు. మేడమ్ కళ్లు సహజంగానే ఆమె మీద పడ్డాయి. పీట వేసుకుని పక్కన కూర్చుని, నీ కథ చెప్పమ్మా అని అడిగింది.

ఖాలా చెప్పింది. దాచుకునే అలవాటు లేని మనిషి. భర్తకు రోడ్డు పక్కన పంక్చర్ల దుకాణం ఉండేదట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ జాగా పోయింది. ఆయన ఏ పనీ దొరక్క ఇంట్లో కూర్చుని కూర్చుని మంచం పట్టాడు. దవాఖానల చుట్టూ తిప్పినా దక్కలేదు. దుకాణం పోయిన ఆ రోడ్డు మీదికే ఆమె రొట్టెలు చేయడానికి వచ్చింది. రొట్టె తిప్పుతూనే ఇదంతా చెప్పింది, గొంతు కూడా మారలేదు.

మేడమ్ లోపలికి వచ్చి మేనేజర్‌తో, ఇందులో హోప్ లేదండి అంది. ప్రయాణాల్లో తినేవాళ్లకు మనసు బరువెక్కకూడదట. వారం తిరక్కుండానే పొయ్యి వెనక నిలువెత్తు బోర్డు వెలిసింది. దాని మీద పెద్ద బొట్టుతో, బోసినవ్వుతో ఒక అవ్వ బొమ్మ. కింద ఆ అవ్వ కథ. ఆ బోర్డు ముందు ఖాలా కూర్చోవాలి. బొమ్మకూ మనిషికీ పొంతన కుదరాలి కదా, పొయ్యి దగ్గరున్నంతసేపు బొట్టు పెట్టుకోమని మేడమ్ నవ్వుతూ అడిగింది. ఖాలా కూడా నవ్వి, తల మీది కొంగు సర్దుకుని మళ్లీ రొట్టె తట్టసాగింది. మర్నాడు మేనేజర్ అడిగాడు. ఆయన నవ్వలేదు. అవ్వ లేకుంటే బోర్డు దండగని, ఒప్పుకోకుంటే వేరే మనిషిని చూసుకుంటామని చెప్పి పోయాడు.

ఆ మర్నాడు ఆదివారం. పొద్దున్నే పొయ్యి అంటించకముందు ఖాలా నన్ను పిలిచింది. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు.

"బేటా, జర చదివి చెప్పు. నా ఎనక ఏం రాసిండ్రు?"

చదివాను. ఆ అవ్వ తెల్లవారకముందే లేచి వాకిట్లో ముగ్గు పెడుతుంది. తులసికోటకు దండం పెట్టుకుని, ఏడుగురు మనవళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, పిండిలో ప్రేమ కలిపి రొట్టెలు చేస్తుంది. ఏ కష్టమూ ఎరగని చేతులు అని కూడా రాశారు. ఖాలా తన చేతులు చూసుకోలేదు, నా ముఖమే చూస్తూ చివరిదాకా విన్నది. ఈలోగా మేనేజర్ వచ్చి నిలబడ్డాడు.

"మంచి అవ్వనే సార్," అంది ఆయనతో. "గామెనే పిలిపియ్యుండ్రి. రొట్టెలు గూడ గామెనే చేస్తది."

చేతులు కడుక్కుని, సంచి తీసుకుని ఆటో కోసం రోడ్డు దాటింది. మేనేజర్ పిలుస్తూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

అవ్వ మనవడి పెళ్లికి ఊరెళ్లిందని చెప్పండని మాకు కొత్త కథ అందింది. మధ్యాహ్నం ఒక కుటుంబం బోర్డు ముందు ఫోటోలు దిగి, అవ్వ ఏదని నన్ను అడిగింది. నాకు ఇక పట్టలేదు. బోర్డు మీది అవ్వ ఎన్నడూ లేదని, రొట్టెలు చేసిన మనిషిని పొద్దున మేమే వెళ్లగొట్టామని నా కల్వకుర్తి మాటలోనే చెప్పాను. ఆమె మేనేజర్‌తో అన్నది కూడా చెప్పాను.

మేనేజర్ గదికి పిలిచాడు. మేడమ్ కూడా అక్కడే ఉంది, నేను వాళ్లతో అన్నదంతా విన్నదట. కొలువు పోయిందనే అనుకుని లోపలికి వెళ్లాను. ఆమె తిట్టలేదు. కళ్లు మెరుస్తున్నాయి, చేతిలో ఫోన్ సిద్ధంగా ఉంది.

"ఖాలా వెళ్తూ ఏమన్నదో మళ్లీ ఒకసారి చెప్పవా? బోర్డు మీద చాలా బాగుంటుంది."

చెప్పనన్నాను. ఎందుకు చెప్పవని అడిగింది. వెటకారం కాదు, ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. ఆ కొలువు మానేసి చాలా కాలమైంది, మేనేజర్ మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆమె అడిగిన ఆ "ఎందుకు" మీద మాత్రం ఇంకా చల్లారలేదు.