బావగారి క్యోటో

మొన్న ఈ పరాయి దేశంలో మేముండే పేట, టార్నీట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు వచ్చింది. ఎర్రటి జపాను తోరణం, పక్కన చెర్రీ పూలు, వెనక మంచు కప్పుకున్న ఫూజీ పర్వతం, అన్నిటికీ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మా బావగారు, అంటే మావారి అన్నగారు. క్యోటో నగరాన్ని తెలుగువారి కళ్ళకు కట్టిన నవలాకారుడు క్రాన్‌బర్న్‌లో కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు గనక ఆదివారం మన కమ్యూనిటీ హాలులో ఘనంగా సన్మానిస్తున్నామని, సకుటుంబంగా రమ్మని, భోజనాలు కూడా ఉన్నాయని కింద రాశారు. క్యోటో నుంచి ఫూజీ కనిపించదు. పోస్టరు తయారుచేసిన కుర్రవాడికి ఆ సంగతి తెలియకపోతే నేనేమీ అనను, కానీ మా బావగారికీ తెలియదు, ఎందుకంటే ఆయన క్యోటో పొలిమేర తొక్కింది లేదు. తొక్కింది నేను.

నా ఈడువాళ్ళకు ఆ నవల గుర్తుండే ఉంటుంది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినన్నాళ్ళూ పత్రిక గుమ్మంలో పడగానే ముందు నేనంటే నేనని అక్కచెల్లెళ్ళు కొట్టుకోవడం, చదివి ఇస్తామని పట్టుకెళ్ళి తిరిగివ్వని పక్కింటివాళ్ళతో మాటలు మానెయ్యడం, చివరికి పేజీలన్నీ విడదీసి బైండు చేయించుకుని అత్తవారింటికి వెళ్ళేటప్పుడు పెట్టెలో చీరల అడుగున దాచుకోవడం, ఇవన్నీ మీరూ చేసే ఉంటారు. మీరు ఏ వీధిని చదివి మురిసిపోయారో ఆ వీధిలో నేను రెండు చలికాలాలు బట్టలారేసుకున్నాను. ఈ మాట ఇన్నేళ్ళూ నలుగురిలో అనలేదు, ఇప్పుడు కూడా అనకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

మావారిది బందరులో అద్దకాల కుటుంబం. పట్టు మీద రంగులు నిలిపే పద్ధతి నేర్చుకు రమ్మని ఆయన్ని క్యోటోకు పంపినప్పుడు నేను కొత్తకోడల్ని, ఆయన వెంట బయల్దేరాను. మగ్గాల పేటలో, వీధిలోంచి చూస్తే రెండు తలుపుల వెడల్పే ఉండి లోపలికి వెళితే ఎంతకీ తరగని ఒక చెక్క ఇంట్లో మాకు మేడమీద గది ఇచ్చారు. పొద్దున్నే ఇంటిముందు ఊడ్చి నీళ్ళు చల్లే అలవాటు అక్కడా ఉందని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. కళ్ళాపి చల్లడం మనకు చేతకానిదా అని కుచ్చెళ్ళు ఎగదోపి మా వాకిలీ పక్కింటి వాకిలీ కూడా ధారాళంగా తడిపేశాను. ఇంటావిడ నవ్వుతూనే నా చేతిలోని చెంబు తీసేసుకుంది. తరువాత తెలిసింది, మన వాకిలితో పాటు పక్కవారిది ఓ మూరెడు మాత్రం చల్లాలట, అసలు చల్లకపోతే పొగరట, అంతా చల్లితే మీకు శుభ్రం లేదని ఎత్తిపొడిచినట్టట. అలాంటి ఊరది. ఎవరూ ఏదీ నోటితో అనరు, మనమే తెలుసుకుని మసలుకోవాలి.

మేము తిరిగి వచ్చేసరికి బావగారు రెండు మూడు నవలలు రాసి ఉన్నారు, వాటిని చదివిన పాపాన ఎవరూ పోలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వసారాలో పడక్కుర్చీ వాల్చుకుని, క్యోటో కబుర్లు చెప్పమ్మా అని అడిగేవారు. పరాయి ఊళ్ళో నోరు మూసుకుని బతికొచ్చినదాన్ని, అత్తవారింట్లో ఒక పెద్దమనిషి నా మాట అంత శ్రద్ధగా వినడమే నాకు గొప్ప. గడప ఇవతల కూర్చుని బియ్యం ఏరుకుంటూ, నది ఒడ్డున వేసంకాలం వేసే మంచెల గురించి, సందులో బూర ఊదుకుంటూ వచ్చే సోయా జున్ను బండి గురించి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. సీరియల్ మొదలయ్యాకగానీ ఆ శ్రద్ధ ఎందుకో నాకు తెలియలేదు. అందులో నా కళ్ళాపి ఉంది, మా ఇంటావిడ ఉంది, వానకు తడిసిన చెక్క గోడల వాసన గురించి నేనన్న మాట నేనన్నట్టే ఉంది. నేను మాత్రం లేను. ఆ ఊరిని ఎలా పట్టుకున్నారండీ అని అభిమానులు ఇంటికి వచ్చి అడిగితే, అంతా గ్రంథాలయంలో కూర్చుని ఊహించానని ఆయన చెబుతుండగా వాళ్ళకు కాఫీలు అందించింది నేను. మావారితో చెప్పుకుంటే, పోనీలే, పరాయివాడా ఏమన్నానా, అన్నయ్యేగా అన్నారు. పరాయివాడైతే జుట్టు పట్టుకు అడిగేదాన్ని.

ముగింపు దగ్గరపడ్డాక ఆయన మళ్ళీ వచ్చారు, మనసు కరిగించే ఆచారమేదైనా ఉంటే చెప్పమ్మా అని. చెప్పాను. ఒకనాడు ఇంటావిడ గదిలో కూర్చుని వచ్చీరాని భాషలో కబుర్లాడుతుంటే, ఆవిడ ఎంతో మర్యాదగా, టీ పోసిన అన్నం కాస్త తింటారా అని అడిగింది. ఎంత ఆపేక్షో అనుకుని తింటానని తలూపాను. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, లోపలికి వెళ్ళి, వేడన్నంలో ఆకుపచ్చ టీ పోసి ఊరగాయ ముక్కతో తెచ్చి పెట్టింది, నేను గిన్నె ఖాళీ చేశాను. బావగారికి చెప్పింది ఇంతవరకే. మిగతా సగం, వారం తిరక్కుండా అక్కడి పక్కింటావిడ నాకు చెప్పింది. టీ అన్నం తింటారా అని క్యోటోలో అడిగితే ఇక దయచేయండి అని అర్థమట, అబ్బే వద్దండీ, పొద్దుపోయింది అంటూ లేవాలట, తింటానన్నదాన్ని ఇన్నేళ్ళలో నన్నొక్కదాన్నే చూసిందట. ఆ రోజు సిగ్గుతో మేడ దిగలేదు. అలా తలవంపులు పడి సంపాదించుకున్న ఆ సగాన్ని నా దగ్గరే అట్టేపెట్టుకుని, బావగారికి చెప్పిన రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆఖరి భాగంలో జపాను పిల్ల తల్లి మన తెలుగు కుర్రాణ్ణి టీ అన్నం తినమంటుంది, అతను కన్నీళ్ళతో తింటాడు, ఆ ఇంటి అల్లుడైపోతాడు. పొమ్మన్న ఇంట్లో పీట వేసుకు కూర్చున్న అల్లుడన్నమాట. ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఈయన నవ్వులపాలవుతారు అని నేను కాచుకు కూర్చుంటే, ఊరూ వాడా ఏడ్చింది. అన్నంలో టీ డికాక్షన్ పోసుకుని తిని, అబ్బ ఎంత బాగుందో అన్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాటలో అచ్చక్షరాలు కూర్చినవాళ్ళ దాకా కృతజ్ఞతలు చెప్పారు, నా పేరు లేదు. నా పగ కూడా ఆయనకే పేరు తెచ్చిపెట్టింది.

సరే, సన్మానానికి ముందురోజు బావగారిని మా ఇంటికి భోజనానికి పిలిచాను. కూతురు కారులో తెచ్చి దింపి, షాపింగుకు వెళ్ళింది. మా మనవరాలు ఇక్కడి స్కూల్లో జపనీస్ చదువుతోంది, తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. కిందటేడు స్కూలువాళ్ళతో క్యోటో వెళ్ళివచ్చిన ఆ పిల్లకు, క్యోటో అంటే ఏమిటో బావగారు భోజనమంతసేపూ వివరించారు. మావారు పోయాక ఆయన్ని ఏమీ అనకూడదనే అనుకున్నాను, కానీ నా కళ్ళాపి గురించి నా ఎదుటే, అది నా కల్పన తల్లీ అనేసరికి నాకు నెత్తురు ఉడికింది. బావగారూ, టీ అన్నం కాస్త తింటారా అని అడిగాను. మనవరాలు గ్లాసు కింద పెట్టి, "నానమ్మా, యూ కాంట్ సే దట్ టు హిమ్" అంది మెల్లగా. ఆయన మహదానందంగా తలూపి, పెట్టింది ఊడ్చుకు తిన్నారు. గిన్నె తీస్తూ, ఆ మాటకు అర్థమేమిటో, ఆయన కథానాయకుణ్ణి ఆ తల్లి ఏమన్నదో, ఇన్నాళ్ళూ దాచిన సగం మొత్తం చెప్పేశాను. ఆయన ముఖంలో రంగు మారలేదు.

"తెలుసమ్మా. జపానులో పనిచేసే మనవాడొకడు అప్పట్లోనే ఇంటికొచ్చి చెప్పాడు."

"మరి తరువాతి ముద్రణలోనైనా దిద్దలేదేం?"

"దిద్దితే, మొదట ఎవరు చెప్పారని అడుగుతారు కదమ్మా."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు, మజ్జిగలో ఉప్పు తక్కువైందన్నట్టు. ఇన్నాళ్ళూ నేనే ఆయన్ని పల్టీ కొట్టించాననుకున్నాను. కళ్ళెదుట తప్పును అచ్చులో ఉంచుకున్నారుగానీ, మా తమ్ముడి భార్య చెప్పిందని ఒక్క వాక్యం రాయలేకపోయారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చెప్పొద్దూ, ఇప్పటికీ మండుతూనే ఉంది.

మర్నాడు హాలులో కుటుంబం తరఫున నాలుగు మాటలు చెప్పమని మైకిచ్చారు. ఆ చెంబు పట్టింది నేనని, ఆ అన్నం తిన్నది నేనని, దాని అర్థం ఇదని, ఆయన క్యోటో ఎన్నడూ వెళ్ళలేదని అన్నీ చెప్పాను. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. బావగారంటే సరసాలాడే బావ అనుకున్నారు కాబోలు, దిగి వస్తుంటే పిల్లలందరూ చుట్టూ చేరి, ఆంటీ, యూ ఆర్ సో ఫన్నీ అని సెల్ఫీలు తీసుకున్నారు. ఆయన కూడా చప్పట్లు కొట్టి, శాలువా సర్దుకుని, నన్ను చూపించి, మా అమ్మాయికి మొదటి నుంచీ హాస్యం ఎక్కువ అన్నారు. ఆయన కూతురు అందరికంటే గట్టిగా నవ్వింది.

మనవరాలు తిరిగిన పేటలో మగ్గాల చప్పుడు వినిపించలేదట, ఆ పొడుగాటి ఇళ్ళు చాలావరకు కాఫీ దుకాణాలయ్యాయట. క్యోటో నుంచి ఇంటికి రాగానే ఆ పిల్ల చూసినదంతా రెండు పేజీలు రాసి, కింద తన పేరు పెట్టి, స్కూలు పత్రికకు ఇచ్చింది, ఎవరినీ అడగలేదు. మా రోజుల్లో మొగుడి వెంట ఏ దేశం వెళ్ళినా, ఫలానావారి కోడలు వెళ్ళొచ్చిందట అనేవారు, అంతటితో సరి. కాగితం, కలం ఇంట్లోనే ఉన్నా, చూసినది చూసినట్టు నేనే రాయవచ్చని నాకు తట్టలేదు, తట్టేలా ఎవరూ మమ్మల్ని పెంచలేదు. పత్రిక కోసం గుమ్మంలో కాచుకున్న మీరూ ఇప్పుడు ఫోనుల్లోనే చదువుకుంటున్నారు, అందుకే దీన్ని ఇక్కడి తెలుగువాళ్ళు నడిపే వెబ్ పత్రికకు పంపుతున్నాను. పేరు వెయ్యమంటారా అని అడిగారు, పెద్ద అక్షరాలతో వెయ్యమన్నాను. బావగారికి ఈమధ్య చూపు ఆనడం లేదు, తెలుగులో ఏది వచ్చినా కూతురే చదివి వినిపిస్తుంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, నా చేతుల్లో పెరిగింది, వాళ్ళ నాన్న కూర్చున్నచోటి నుంచే ఒక నగరాన్ని కట్టాడని చిన్నప్పటి నుంచీ చెప్పుకుని మురుస్తుంది. ఇది కూడా ఆ పిల్లే చదవాలి, ఆయన పక్కన కూర్చుని, పైకి.