కంబళి తాతకు రావాల్సిన పలకరింపులు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు ఉంటుంది. ఆ రోజుల్లో నాకున్న జబ్బు విడమరచి చెప్పడం. డాక్టరు పట్టా చేతికొచ్చి, పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ దాటి హిందూపురంలో దిగి, ఒక ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేసేదాన్ని. రోగి బంధువులు "ఏమైందమ్మా" అంటే చాలు, స్టూలు లాక్కుని కూర్చునేదాన్ని. (ఆ స్టూలుకు మా నర్సక్క 'హరికథ పీట' అని పేరు పెట్టిందట. నా వెనకే అనుకోండి.) ఇప్పుడు అప్పటి నన్ను తలుచుకుంటే, ఆ పిల్ల మీద జాలీ వేస్తుంది, ముద్దూ వస్తుంది.

కంబళి తాత మా దగ్గరికి వచ్చింది అప్పుడే. పెనుకొండ పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. మండే ఎండల్లోనూ భుజం మీది కంబళి దించడు కాబట్టి మేం పెట్టుకున్న పేరు అది. కాల్లో తుమ్మముల్లు దిగితే పీకి పారేసి, మంద వెంట తిరుగుతూనే ఉన్నాడట. కాలు వాచి, చీము పట్టి, ఆ విషం కాస్తా నెత్తుట్లోకి ఎక్కింది. మేం దాన్ని సెప్సిస్ అంటాం. వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది, బీపీ పడిపోయింది, మాట తడబడుతోంది. ఐసీయూలో చేర్చాక మా పెద్ద సారు "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అనేసి వెళ్ళిపోయారు. తాత భార్య, ఆ అవ్వ, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ముల్లు గుచ్చుకునింది కాల్లో గదమ్మా. మనిషంతా ఎందుకు పోతాండాడు?"

అంత మంచి ప్రశ్న కాలేజీలో ప్రొఫెసర్లు కూడా నన్ను అడగలేదు. స్టూలు లాక్కున్నాను. "అవ్వా, మన నెత్తుట్లో తెల్లకణాలని ఉంటాయి. ఊరికి కాపలాదార్లు అనుకో. ఒక ఇంట్లో దొంగ పడితే ఆ వీధోళ్ళే పట్టుకుంటారు. ఇప్పుడేమైందంటే, ఊరంతా దొంగలు పడినారని కేక లేసింది. అందరూ కట్టెలెత్తుకుని చీకట్లో ఉరుకుతాండారు. ఎవురు దొంగో, ఎవురు మనోడో తెలీక ఒకరినొకరు బాదుకుంటాండారు. మన కుండలు మనమే పగలగొట్టుకుంటాండాం. దొంగ కంటే ఆ కాపలాదార్ల దెబ్బలే తాతకు ఎక్కువ తగులుతాండాయి."

"ఆయప్ప మాదిరే ఆయప్ప నెత్తురు గూడా. కోపమొస్తే ముందూ వెనకా చూడదు" అంది అవ్వ. సాయంత్రానికల్లా ఆ కథను వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ నాకంటే బాగా చెబుతోంది. నేను పొంగిపోయాను.

కొన్నాళ్ళకు తాతకు జ్వరం దిగింది, బీపీ నిలబడింది. నేను పళ్ళికిలించుకుంటూ రిపోర్టు తీసుకెళితే పెద్ద సారు దాన్ని చూసి, "అప్పుడే మురిసిపోకు. కణాలు చాలావరకు చచ్చిపోయాయి, మిగిలినవి అలిసి పడున్నాయి. క్రిమి ఎదురుగా వచ్చి నిలబడినా కదలవు. ఇప్పుడు ఎవరో దగ్గిన దగ్గు చాలు, మనిషి పోవడానికి" అన్నారు. నాకు అర్థమైంది. కానీ అవ్వకు నేను చెప్పింది మొదటి సగమే. వేడి చల్లారింది కాబట్టి కొట్లాట అయిపోయిందనుకుని, ఊరికి ఫోను చేసేసింది.

మర్నాడు నేను స్టేషను నుంచి వచ్చేసరికి ఆసుపత్రి ముందు ఒక టెంపో ఆగి ఉంది. అందులోంచి ఊరు దిగుతోంది. అరటిపళ్ళు, బొరుగులు, విభూతి పొట్లాలు, ముక్కు కారుతున్న పిల్లలు. జబ్బు పడిన మనిషిని చేయి పట్టుకుని పలకరించకపోతే ఆ మాట మనవళ్ళ పెళ్ళిళ్ళదాకా నిలిచిపోతుంది వాళ్ళలో. నేను మెట్లకు అడ్డం నిలబడి లింఫోసైట్లు, మోనోసైట్లు అంటూ మొదలుపెట్టాను. తాత తమ్ముడు ఓపిగ్గా విని, "చచ్చినోన్ని చూడనీకపోతే సరే అనుకుంటాం. బతికినోన్ని చూడనీకపోవడమేందమ్మా? ఊర్లో తల ఎట్ల ఎత్తుకోవల్ల?" అన్నాడు. వెనకాల ఒకావిడ ఖళ్ళుఖళ్ళున దగ్గి, "నాకుండేది ఉత్త దగ్గేలేమ్మా, జబ్బేం గాదు" అని నాకు ధైర్యం చెప్పింది.

నాకు భయం పట్టుకుంది. వీళ్ళు ప్రేమతోనే ఆయన్ని చంపేస్తారు. "అవ్వా, దొంగల కథ అయిపోలా" అన్నాను. "రాత్రంతా కొట్టుకున్న కాపలాదార్లు ఇప్పుడు ఒళ్ళు తెలీకుండా నిద్రపోతాండారు. ఇండ్ల తలుపులు బార్లా తెరిచుండాయి. ఇప్పుడు దొంగ గూడా అక్కర్లా. పిల్లి దూరినా అడిగేటోడు లేడు."

అవ్వ మొహం పాలిపోయింది. "నేనే పిలిపిస్తినే వీళ్ళను" అంటూ మెట్ల మీద కూలబడింది. తరవాత నావైపు చూసి, "కథ సగంలో ఎవురన్నా ఆపుతారామ్మా?" అంది.

దారి కూడా ఆవిడే కనిపెట్టింది. నన్ను రెక్క పట్టుకుని వరండా బెంచీ మీద కూర్చోబెట్టి, "లోపల ఆయప్పను తాకేది ఈ పాప చెయ్యే. ఈ పాపను పలకరిస్తే ఆయప్పను పలకరించినట్లే. రాండి" అంది.

ఊరు వరసలో నిలబడింది. ఒక్కొక్కరే వచ్చి నా చేయి పట్టుకుని, "ఎట్లుండావన్నా?" "గొర్రెలు బాగుండాయి, దిగులు పడాకు" "ముసిల్దాన్ని ఒంటరిదాన్ని చేసి పోవద్దు మామా" అంటున్నారు. నుదుటి మీద విభూతి మందంగా పేరుకుంది, ఒళ్ళో అరటిపళ్ళు నిండాయి. నేను కూడా నీరసంగా "పర్వాలేదు, పర్వాలేదు" అంటున్నాను. అటుగా వచ్చిన పెద్ద సారు ఒక్క క్షణం ఆగి చూసి, వెనక్కి తిరిగి ఇంకో మెట్లదారిన వెళ్ళారు. (లోపలికి పోయేముందు మోచేతులదాకా సబ్బుతో కడుక్కున్నాను. అది మాత్రం మర్చిపోలేదు.)

టెంపో తిరిగి వెళ్ళిపోయింది. నిద్రపోయిన కణాలు నిదానంగా లేచాయి, తాత కూడా లేచాడు. ఇంటికి వెళ్ళే రోజు కట్టె ఊతంగా నడుచుకుంటూ నేనున్న గదికి వచ్చాడు.

"నాకు రావాల్సిన పలకరింపులన్నీ నువ్వే తీసుకున్నావంట?"

నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన నా చేయి అందుకున్నాడు. ఆ అరచేయి గరుకుగా, వెచ్చగా ఉంది.

"వాళ్ళంతా అడిగింది నన్ను గదా. నిన్నెవురూ అడిగుండరు. నువ్వెట్లుండావమ్మా?"

ఇల్లు వదిలి, రైళ్ళలో తింటూ, ఎవరు పోతారో ఎవరు బతుకుతారో తెలీని మంచాల మధ్య తిరుగుతున్న ఆ పిల్లను అప్పటిదాకా నిజంగానే ఎవరూ అడగలేదు. "బాగుండా తాతా" అన్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటూ ఉంటాను. అంత వాగుడుకాయకు ఆ పూట ఇంకో మాట దొరకలేదు.