మా ఇంట్లో చప్పుడు లేదు

"పెద్దమ్మా, నీ గొంతు ఎనుక ఏందో తిరుగుతున్నది. అరగంట ఇంటే తలకాయ నొస్తున్నది."

మా చెల్లెలి బిడ్డ ఫోన్‌లో ఈ మాట అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మిగతా పుస్తకాలన్నీ ఆడియోలో దొరికాయి గానీ చరిత్ర పుస్తకం ఒక్కటి ఎక్కడా దొరకలేదు. దసరా వెళ్లిన నెలకు పరీక్షలు. ఎవరో ఒకరు చదివి రికార్డు చేసి పంపకపోతే ఆ పేపరు పోయినట్టే. ఒకప్పుడు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి, నేను చదువుతానని నేనే ముందుకొచ్చాను. మా అబ్బాయి వదిలేసి వెళ్లిన పాత ల్యాప్‌టాప్‌కు కొత్త మైకు తగిలించి, మొదటి పాఠం గంటసేపు చదివి పంపాను. దానికి దక్కిన మెప్పు ఇది.

"మా ఇంట్ల సప్పుడే లేదు బిడ్డా," అన్నాను. "ఫ్యాన్ బంద్ చేసి, చెమటలు కారంగ చదివిన."

"ఉన్నది పెద్దమ్మా. ఒక్కతీరుగ గుయ్యిమంటున్నది. నీకు ఇనవడ్తలేదా?"

నాకేమీ వినపడటం లేదు. కానీ చెవులే కళ్లుగా బతికే పిల్లతో వాదించి ఏం గెలుస్తాను? చప్పుడు సంగతి తేల్చుకుందామని కొంగు బిగించాను.

మాది కాజీపల్లి. మా ఇంటి వెనక గోడకు అవతల సన్నటి సందు, సందుకు అవతల మందుల ఫ్యాక్టరీ ప్రహరీ. ఆ ఫ్యాక్టరీ లేచింది మా మామగారి జొన్నచేను మీదే. చేను పోయినందుకు ఇంటికొక ఉద్యోగం అన్నారు. అలా మా ఆయన అందులో కంప్రెసర్లు నడిపే పనిలో చేరి ఇరవై రెండేళ్లయింది.

ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. పాలు విరిగాయి. మేడ మీద కిరాయికుండే బీహార్ పిల్లలకు చేతులు జోడించి, పగటిపూట పాటలు ఆపించాను. "ఉల్లిగడ్డ, ఉల్లిగడ్డ" అని మైకులో అరుచుకుంటూ వచ్చే ఆటోవాడితో వీధిలో నిలబడి కొట్లాడాను. వాడు రెండో రోజు నుంచి కావాలనే మా గేటు ముందు ఆపడం మొదలుపెట్టాడు. కిటికీ మీది పావురాలను చీపురుతో తరిమాను. మంచం మీద కుర్చీలు బోర్లించి, ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పి, ఆ గుడారంలో దూరి చదివాను. పది నిమిషాలకు కళ్లు తిరిగి బయటపడ్డాను.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు టీవీ. మా ఆయన మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇల్లు చేరగానే రిమోట్ పట్టుకుని సౌండు చివరిదాకా పెంచుతాడు.

"చెవులల్ల దూది గిట్ల పెట్టుకున్నవా? గల్లీ మొత్తానికి ఇనవడుతున్నది," అన్నాను.

"ఏందీ?"

"టీవీ తగ్గియ్యి అంటున్న."

"తగ్గిస్తే నాకేం ఇనవడ్తది?"

"ఇనాలని ఉంటే ఇనవడ్తది. నేను మాట్లాడితే ఎన్నడన్న ఇన్నవా?"

ఆయన టీవీ ఆపేసి, చెప్పులు వేసుకుని చాయ్ హోటల్‌కు వెళ్లిపోయాడు. ఒక మాటకు పదిసార్లు "ఏందీ" అనడం, పిలిస్తే పలకకపోవడం, ఇదంతా నన్ను లెక్కచేయకపోవడమే అనుకున్నాను. పక్కింటావిడకు కూడా అదే చెప్పి ఏడ్చాను.

ఇంత చేసినా మా పిల్ల అదే పాట. "ఇంక ఉన్నది పెద్దమ్మా."

చివరికి మా అబ్బాయి ఫోన్‌లో ఒక ఉపాయం చెప్పాడు. చదవడానికి ముందు పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయాలట. గదిలో ఉన్న చప్పుడేదో కంప్యూటరు గుర్తుపట్టి, మొత్తం రికార్డులోంచి దాన్నే తీసేస్తుందట. సరేనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని, సౌండు బాగా పెంచి, ఆ ఖాళీ పది సెకన్లు విన్నాను.

అందులో ఫ్యాక్టరీ ఉంది. లోపలెక్కడో పెద్ద ఇనుము తిరుగుతున్న మోత, దాని మీద సన్నటి ఈల. హెడ్‌ఫోన్ తీసి చెవులు నిక్కబొడుచుకుంటే అప్పుడు నాకూ వినపడింది. వెనక గోడ మీద చెయ్యి వేస్తే గోడ కూడా సన్నగా అదురుతోంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి దీన్నే నేను నిశ్శబ్దం అనుకుంటున్నాను. మా చేను తీసుకున్నారు, మా బోరునీళ్లు రంగు మార్చారు, చివరికి చప్పుడంటే ఏమిటో కూడా నాకు తెలియకుండా చేశారు. 

కంప్యూటరు చేత ఆ మోత తీయించి పంపితే మా పిల్ల ఇంకా దిగాలుగా మాట్లాడింది.

"మోత పోయింది గానీ పెద్దమ్మా, బిందెల తలకాయ పెట్టి చదివినట్టున్నది. గొంతు ఇనవడుతున్నది, మాటలు సమజైతలేవు. రాజుల పేర్లన్నీ ఒక్కతీరుగ ఉన్నయ్. నేను పరీక్షల ఏం చెప్పాలె?"

పరీక్షలో దాని పక్కన కూర్చుని రాసేవాళ్లు దాని నోటి నుంచి వచ్చిందే రాస్తారు. దానికే తెలియకపోతే వాళ్లేం రాస్తారు?

మర్నాడు ఫ్యాక్టరీ గేటుకు వెళ్లాను. రెండు గంటలు నిలబెట్టి సేఫ్టీ ఆఫీసరు గదిలోకి పంపారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. ఆయన గది అద్దాలు మందంగా ఉన్నాయి. లోపల చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది.

"మా సౌండ్ లిమిట్‌లోనే ఉందండీ," అన్నాడు. "మీవారు ఆ కంప్రెసర్ల పక్కనే కదా పనిచేసేది. ఇన్నేళ్లలో ఆయనెప్పుడూ ఒక్క మాట అనలేదే. గోడ అవతల ఉన్న మీకేమిటండీ ఇబ్బంది?"

 లేచి బయటికి వచ్చేశాను. ఇంటికొచ్చి ఆ కోపమంతా మా ఆయన మీద చూపించాను.

"ఒక్కనాడన్న అడిగినవా లొల్లి ఎక్కువున్నదని?" అని ఆయన ఎదురుగా నిలబడి గట్టిగా అరిచాను.

"మొదట్ల అనిపిస్తుండె. ఇప్పుడేం లొల్లి లేదు, నిమ్మళంగనే ఉంటది."

"చెవులకు పెట్టుకునేటియి ఇయ్యరా?"

"తనిఖీ వాళ్లొచ్చిన నాడు ఇస్తరు. వాళ్లు పోంగనే మల్ల జమచేసుకుంటరు."

ఆయన దాన్ని మామూలు సంగతిగా చెప్పాడు. తర్వాత ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. "ఆయుధపూజ నాడు పొద్దుగాల నుంచి మూడింటి దాక మిషన్లన్నీ బంద్. గప్పుడు చదువు."

ఆ ఉదయం ఫ్యాక్టరీ ఆగింది. ఏటా పండగ పనుల సందడిలో ఆ పూటను గమనించనే లేదు గానీ, గోడ గడియారం టిక్కుటిక్కుమనడం ఆ ఇంట్లో నేను మొదటిసారి విన్నాను. పక్కింట్లో గరిటె శబ్దం, మెట్ల మీద చీమిడి ముక్కుతో ఎవరో ఎగపీల్చడం, అన్నీ విడివిడిగా వినపడ్డాయి. పరీక్షలో తప్పకుండా వస్తాయని మా పిల్ల ఎంచి చెప్పిన ఆరు పాఠాలూ మూడింటిలోపు చదివేశాను. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. పంపిన కాసేపటికే ఫోన్ వచ్చింది.

"పెద్దమ్మా, నా పక్కన కూసోని చదివినట్టున్నది. నువ్వు కాయిదం తిప్పింది గూడ ఇనవడ్డది."

తర్వాత ఆ పాఠాలతోనే ఆ పిల్ల పేపరు గట్టెక్కింది. కానీ ఆ సాయంత్రం సంగతి చెప్పాలి.

మా ఆయన నుదుట కుంకుమతో, చేతిలో బూందీ పొట్లంతో ఇల్లు చేరాడు. నాకు సంబరం ఆగలేదు. ఆయనను కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్ పెట్టి, కొత్త పాఠం వినిపించాను. ఆయన సౌండు పెంచమని సైగ చేశాడు. పెంచాను. ఇంకా పెంచమన్నాడు. చివరిదాకా పెంచాను. ముఖం చిట్లించి విన్నాడు.

"గొంతు ఇనవడుతున్నది గానీ మాటలు సమజైతలేవు. బిందెల తలకాయ పెట్టి చదివినవా ఏంది?"

 మా పిల్లకు తలనొప్పి తెప్పించిన మొట్టమొదటి రికార్డు పెట్టాను. ఆయన ముఖం విప్పారింది.

"ఆ, గిది మంచిగ ఇనవడుతున్నది. మా రెండో నంబర్ కంప్రెసర్. బేరింగ్ మార్చకముందుది."

అదే రికార్డులో నేను గంటసేపు చదివాను. దాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

అంతకుముందు నేను ఆయనను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. దూది పెట్టుకున్నవా అన్నాను. ఎన్నడన్న ఇన్నవా అన్నాను. ఆ సేఫ్టీ ఆఫీసరు మాట కూడా గుర్తొచ్చింది. ఆయనెప్పుడూ ఒక్క మాట అనలేదే అన్నాడు. ఎలా అంటాడు? చెవులు కాపాడే వస్తువును తనిఖీవాళ్లకు చూపించి మళ్లీ బీరువాలో దాచుకునేవాళ్లు, చెవులు పోయిన మనిషినే సాక్ష్యానికి పిలుస్తారా? నాకు ఆ క్షణాన ఆ అద్దాల గది బద్దలు కొట్టాలనిపించింది.

దసరా కాగానే సంగారెడ్డిలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ పరీక్ష చేసే చిన్న గది ఒకటుంది. గోడలకు మెత్తలు, మందపాటి తలుపు, మధ్యలో అద్దం. బొంతలన్నీ కప్పి నేను కట్టాలని చూసింది అలాంటి గదినే. మా ఆయనను లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బొత్తాం ఇచ్చారు. ఎంత చిన్న శబ్దం వినపడినా నొక్కమన్నారు. తలుపు మూసి, పరీక్ష చేసే అమ్మాయి బయట నా పక్కన మిషను ముందు కూర్చుంది. ఆమె లోపలికి శబ్దం పంపినప్పుడల్లా మిషను మీద ఒక చిన్న దీపం వెలుగుతోంది.

దీపం వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది. ఆ అమ్మాయి మీట తిప్పి శబ్దం పెంచింది. ఇంకొంచెం పెంచింది. నేను అద్దంలోంచి ఆయన బొటనవేలినే చూస్తూ నిలబడ్డాను. ఆయన బొత్తాం గట్టిగా పట్టుకుని, బడిలో బుద్ధిగా కూర్చున్న పిల్లాడిలా నా వైపు చూశాడు. దీపం వెలుగుతూనే ఉంది. కాసేపటికి ఆయన చెయ్యెత్తి, ఇంకా షురూ చెయ్యలేదా అని నన్ను సైగతో అడిగాడు.