వాడేవాళ్ళెవరూ లేరన్నాను

కొన్నేళ్ళుగా ఒక జోకు మోస్తున్నాను. జోకుకి బరువేమిటి అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను.

సంగతి తెలియాలంటే ముందు బూట్‌లోడరు గురించి చెప్పాలి. కంప్యూటరు మీట నొక్కగానే, విండోస్‌లాగే దాన్ని నడిపించే లినక్స్‌ని నిద్ర లేపే చిన్న ప్రోగ్రాము, అంతే. అప్పట్లో నేను విశాఖలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడు ఒక లినక్స్ డిస్ట్రోకి పనిచేసేవాణ్ణి. ఎక్కడెక్కడి వాళ్ళో మెయిళ్ళలో వాదించుకుంటూ తయారుచేసే లినక్స్ అది. అందులో ఒక పాత బూట్‌లోడరుని ఉంచాలా, తీసేయాలా అని చర్చ వచ్చింది. దాని ఆలనాపాలనా చూసేవాడు లేడు, కొత్తది ఎప్పుడో వచ్చేసింది. ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని అందరినీ అడిగారు.

వాడుతున్నారు. రాజాంలో మా అక్క భర్త, సత్యం బావ. ఎరువుల కొట్టు మేడ మీద గదిలో కంప్యూటర్ సెంటరు. ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత పెట్టెలు కొని పెట్టాడు. కొత్త బూట్‌లోడరు వాటి మీద నిలవదని నాకు తెలుసు. పాతది పెట్టింది నేనే. చర్చ సంగతి చెబితే, ఇంగ్లీషులో రాయడానికి మొహమాటపడి, తన తరఫున నన్ను రాయమన్నాడు.

కానీ అంతకుముందే నేనక్కడ ఒక మాట విసిరి ఉన్నాను. దాన్ని వాడేవాళ్ళెవరూ లేరు, ఉంటే ప్రోగ్రాముని వదిలేసి వాళ్ళని మ్యూజియంలో పెట్టండి అని. పెద్దపెద్దవాళ్ళు నవ్వారు. నేనొకణ్ణి ఉన్నానని వాళ్ళకి తెలిసింది అప్పుడే. ఆ తరవాత వెళ్ళి, అయ్యా, ఆ మ్యూజియం మా అక్కావాళ్ళదే అని ఎలా రాయను? రాయలేదు.

మా వైపు బావని ఆటపట్టించడం బావమరిది హక్కు. దాన్ని నేనెన్నడూ వృథా చేయలేదు. అయితే అది ఎదురుగా చేయాలి, తిరిగి రెండు తినాలి. బావ లేని చోట, బావనెరగని వాళ్ళని నవ్వించడానికి చేస్తే దాన్నేమంటారు? నాకు మాట దొరకలేదు. దొరికిందేమో, పైకి అనలేదు.

పాత బూట్‌లోడరు తీసేసిన కొత్త వెర్షను వచ్చాక బావ ఫోన్ చేశాడు.

“ఏటిరా, అప్పుడు ఆలకి రాయమన్నాను, రాసినావా?”

“రాసేను బావా.”

“ఏటన్నారేటి?”

“అన్నీ సూసుకునే సేస్తామన్నారు.”

“మంచోలేరా పాపం. మనం ఎవులమో తెలీకపోయినా ఇన్నారు. మరి కొత్తది ఎక్కించీమంటావా? నువ్వు ఊఁ అంటేనే సేస్తాను. మళ్ళీ నా మీద పడి నవ్వకు.”

“ఎక్కించీ బావా.”

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఏదో ఒకలా నిలబడుతుందిలే అనుకున్నానా? అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నాను.

పెట్టెలన్నీ ఒకే రోజు ఆగిపోయాయి. నల్లటి తెర, మూలన మిణుకుమనే గీత. బావ నాకు ఫోన్ చేయలేదు. తనే ఏదో తప్పు నొక్కానని సిగ్గుపడ్డాడు. నేర్చుకోవడానికొచ్చే పిల్లల్ని వేరే సెంటరుకి పంపి, పెట్టెలు పాతసామాన్లవాడికి ఇచ్చేసి, గది ఖాళీ చేశాక అక్క నాకు చెప్పింది. పాత వెర్షను సీడీ ఒకటుంటే ఒక్క పూటలో అన్నీ లేచేవి. అది నా బీరువాలో ఉంది.

నిజం చెప్పాలంటే, దాన్ని తీసేయడం సరైన నిర్ణయమే. బావ మాట చేరినా తీసేసేవారు. కాకపోతే, ఇలాంటి పాత పెట్టెలున్నవాళ్ళు మారకండి అని ఒక ముక్క ముందుగా రాసేవారు. బావ అలాంటివి అక్షరం వదలకుండా చదివే మనిషి. ఆ ఒక్క ముక్కా రాకుండా చేసింది నేను.

ఇప్పుడు బావ గరివిడిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు తూకం వేయిస్తాడు. అక్కడా కంప్యూటరుంది. మీటలు వేరే ఆయన నొక్కుతాడు, బావ అంకె పైకి చదువుతాడు. ఈమధ్య మా మేనకోడలు తన ఫోన్ ఏమైందో చూడమంటే, “నా సెయ్యి పడితే ఏదీ లెగదమ్మా, మీ మావకిచ్చీ,” అన్నాడు నవ్వుతూ. నేను తీసుకున్నాను. బాగుచేసి ఇచ్చాను కూడా.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఇక ముందూ చెప్పను. నా సంగతి నాకు తెలుసు. మీరు సత్యం బావ కారు గనక మీకు చెప్పగలిగాను. రాసేశాక కాస్త ఊపిరాడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.