ఇస్త్రీ మామ ఎడమ చెయ్యి

ఇస్త్రీ మామకు ‘ఎందుకు’ అన్న ప్రశ్న పుట్టిందంటే ఇక ఆ రోజుకి పని జరిగినట్టే. చొక్కా కాలరు తడిమి, లోపల అట్టలాంటిది ఎందుకు పెట్టారో కనుక్కుందామని దాన్ని కుట్టిన దర్జీని వెతుక్కుంటూ వెళ్లిన ఘనుడు. వీధిలో వాళ్లు బట్టలిచ్చి గబగబా తప్పుకునేది అందుకే.

అలాంటి మనిషిని ఈసారి బీన్స్ పట్టుకున్నాయి. సరదాకి కాదు. జ్వరం తగ్గాక ఆయన భార్యకు నోరు చచ్చిపోయింది. నెల రోజులుగా ఏం పెట్టినా రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేస్తోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మందులకన్నా తిండి ముఖ్యమని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి నుంచి బయటికి రాగానే వాన పట్టుకుంటే ఇద్దరూ ఎదురుగా ఉన్న చైనీస్ హోటల్లో దూరారు. అక్కడ వెల్లుల్లి, సోయా సాస్ వేసి వేయించిన బీన్స్‌ను ఆవిడ ప్లేటు ఖాళీ అయ్యేదాకా కరకరా నమిలింది. మామ నోరు తెరుచుకుని చూశాడు.

ఆ హోటలుకు రెండు బస్సులు మారాలి. పొట్లం కట్టించి తెస్తే ఇంటికి చేరేసరికి మెత్తబడిపోయాయి. ఇంట్లో చేస్తే అవీ మెత్తగానే వచ్చాయి. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని కంచం జరిపింది.

మామ మళ్లీ వెళ్లి హోటల్లో వంట మాస్టరును పట్టుకున్నాడు.

“మూకుడు పొగలు కక్కాలి బాబాయ్. బీన్స్‌కి తడి ఉండకూడదు. గుప్పెడే వెయ్యాలి, మూత పెట్టకూడదు. సాస్ చివర్లో ఒక్క చెంచా. అంతే.”

“తడి ఉంటే ఏమవుతుంది?”

“వేగవు, ఉడుకుతాయి.”

“సాస్ ముందే వేస్తే?”

“మాడిపోతుంది. బాబాయ్, అవతల జనం ఆకలితో ఉన్నారు, నన్నొదిలెయ్!”

మామ ఇంటికొచ్చి బీన్స్ కడిగి, అప్పుడే ఇస్త్రీ చేసిన వెచ్చని తువ్వాలు మీద ఆరబెట్టాడు. ఒక్కొక్కటీ తుడిచాడు. మూకుడు పొగలు కక్కాక గుప్పెడు వేశాడు. కాసేపటికి సుయ్ మంది. ఆ చప్పుడు వినగానే మామ ముఖం వెలిగింది. ముప్పై ఏళ్లుగా ఇస్త్రీపెట్టె కింద ఆ చప్పుడు వస్తేనే పని బాగా సాగుతున్నట్టు లెక్క. తీరా చూస్తే మళ్లీ మెత్తనే. మర్నాడూ అంతే. మాస్టరు ఏదో దాచిపెట్టాడని నోరారా తిట్టుకున్నాడు, పాపం.

మూడో రోజు ఆవిడ గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఆమె చూస్తుండగానే మామ కుడి చేత్తో గరిటె తిప్పుతూ, ఎడమ చెయ్యి పక్కనున్న నీళ్ల గిన్నెలో ముంచి మూకుట్లోకి చిలకరించాడు. సుయ్.

“ఏమయ్యా, అవి బీన్సా, చొక్కాలా?”

“ఏం?”

“నీళ్లెందుకు చల్లుతున్నావు?”

“నేనా? నేనెక్కడ చల్లాను?” అంటూనే మళ్లీ ముంచాడు.

ఆవిడ గుమ్మానికి జారబడి దగ్గొచ్చేదాకా నవ్వింది. మామ తన ఎడమ చేతిని పరాయివాడి చెయ్యిలా తిప్పి తిప్పి చూసుకున్నాడు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, తనకు చెప్పకుండానే ఆ చెయ్యి తన పని తాను ఎలా చేసుకుపోతోందా అని ఆశ్చర్యమేసింది.

గిన్నె తీసేసినా చెయ్యి దాన్ని వెతుక్కుంటూనే ఉంది. చివరికి ఆవిడే వచ్చి ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“ఇప్పుడు వెయ్యి” అంది.

ఈసారి సుయ్ మనలేదు, చిటపటమంది. బీన్స్ ముడతలు పడి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలొచ్చాయి. మామ తన జీవితంలో ముడతలు చూసి సంతోషించడం అదే మొదలు. వెల్లుల్లి వేసి తిప్పి, ఒక్క చెంచా సాస్ అంచు వెంట పోసి దించేశాడు.

ఆవిడ ఒకటి కొరికింది. కరకరమంది. ఇంకోటి తీసుకుంది. నాలుగోది నములుతూ, “అన్నం ఉందా?” అని అడిగింది.

ఆమె వంతు మిగిలిపోతుంటే చూడలేక మామ కొన్నాళ్లుగా అన్నం ఒక్కరికే వండుతున్నాడు. ఉన్నదంతా ఆమె కంచంలో బోర్లించి, మళ్లీ బియ్యం కడగడానికి కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోబోతే వేళ్లకున్న వెల్లుల్లి ఘాటు తగిలి ఇంకా కారాయి.

“ఏమయ్యా, ఆ ఏడుపేంటి?”

“వెల్లుల్లి.”

“సరేలే. బీన్స్ ఇంకాస్త పెట్టు” అంది ఆవిడ.